ముందుగదిలో వాగు

ప్రయూన్ ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టగానే మాట ఆపేసేవాళ్ళు. ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక గాజుతొట్టి ఉండేది. అందులో టీ రంగు నీళ్ళు ఎడమ నుంచి కుడికి పారుతుండేవి. అడుగున గుండ్రాళ్ళు, నల్లబడిన బాదం ఆకులు, ఒక మూలగా వంకర తిరిగిన చెట్టువేరు.

"చేపలేవీ?" అని అడిగేవాళ్ళు.

"కాసేపు నిలబడండి" అనేవాడు ప్రయూన్.

నిలబడితే, వేరు నీడలో సన్నటి ముళ్ళ గుంపొకటి నీటికి ఎదురీదుతూ ఉన్నచోటనే నిలిచి కనిపించేది. ఒంటికి రంగు లేదు. మాంసం ఉందో లేదో తెలియదు. వెన్నెముక, పక్కటెముకలు, రెండు కళ్ళు, అంతే. ఆ చేపని ఆ ప్రాంతంలో రాజు ముల్లు అంటారు. వెనకటికి ఒక రాజు చేప తిని, మిగిలిన ముల్లుని వాగులో వేస్తూ బతకమన్నాడట. అది బతికి ఈదుకుంటూ పోయిందట.

పక్కింటి సమ్నియాంగ్‌కి మాత్రం ఆ చేపలంటే చిరాకు. వీధి మొదట్లో బొగ్గుల మీద అరటికాయలు కాల్చి అమ్మే మనిషి ఆవిడ. వయసులో ప్రయూన్ కంటే పెద్దది, నోరు అంతకంటే పెద్దది.

"వేపుడెప్పుడు పెడతావు యూన్?" అనేది.

"నీ పంటి సందుకి కూడా చాలవక్కా."

"మరెందుకురా తమ్ముడూ ఇంత తంటా? కూరకి పనికిరావు, అమ్మకానికి పనికిరావు. పోనీ అందంగా ఉన్నాయా అంటే అసలు కనిపించనే కనిపించవు!"

ప్రయూన్ నవ్వేవాడు. ఎందుకో చెప్పడం అతనికి చేతనయ్యేది కాదు. అతని భార్య లమున్‌కి కూడా అతను సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమయ్యేదో!

అతను పుట్టింది కొండల కింద, హువై తోంగ్ వాగు ఒడ్డున. వెదురు పొదల మధ్య పాతిక ముప్పై కప్పులున్న ఊరు. అతనికి మీసాలు వస్తున్న రోజుల్లో అక్కడ జలాశయం కట్టారు. ఊరందరికీ పట్నం పక్కన తలా ఒక ఇంటిస్థలం ఇచ్చారు. ఎవరూ ఏడవలేదు. కరెంటు వస్తుంది, రోడ్డుంటుంది అని కొందరు సంతోషించారు కూడా. ప్రయూన్ వాళ్ళమ్మ మాత్రం కొత్త ఇంట్లో కుళాయి తిప్పి, దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసి, పారబోసి, మళ్ళీ పట్టి మళ్ళీ వాసన చూసింది. ఆవిడ పోయేదాకా అలాగే చేసేది.

ప్రయూన్ ఐస్ ఫ్యాక్టరీలో చేరాడు. రంపం, కొక్కెం, పొట్టు, మంచుదిమ్మలు. సంతలో బియ్యం అంగడివాళ్ళ అమ్మాయి లమున్ అతన్ని పెళ్ళి చేసుకుంది. ఆమె పట్నంలోనే పుట్టింది, వాగు చూడలేదు. మామూలుగా అతన్ని "పీ యూన్" అని గౌరవంగా పిలిచేది, కోపమొస్తే ఉత్త "యూన్" అనేది. ఒకతే కూతురు ఒరతై. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక అతని చేతులు చాలాసేపు చల్లగా ఉండేవి. చిన్నప్పుడు జ్వరమొస్తే ఒరతై ఆ చేతులే నుదుటి మీద పెట్టించుకునేది.

జలాశయంలో నీళ్ళు పెరిగాక వాగు చేపలు పోయాయి. అవి పారే నీళ్ళలో బతికే రకం, నిలవ నీళ్ళలో ఉండలేవు. జలాశయానికి పైన, ఇంకా మునగని చిన్న పాయ ఒకటి మిగిలింది. అందులో రాజు ముళ్ళుండేవి. సెలవురోజుల్లో ప్రయూన్ సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఆ పాయ ఒడ్డున కూర్చుని వచ్చేవాడు. తరవాత ఆ చుట్టూ దురియన్ పండ్ల తోటలు వచ్చాయి, తోటలకి మోటార్లు వచ్చాయి. ఒక ఎండాకాలం అతను వెళ్ళేసరికి పాయలో మిగిలింది ఒక్క మడుగు. మడుగులో ఒక గుంపు. అది కూడా ఎండిపోయేలా ఉంది.

ఉద్యోగం అయిపోయి ఇంట్లో కూర్చున్న మొదటి ఏడాది సంగతి అది. ఆ మర్నాటి నుంచే తొట్టి పని మొదలుపెట్టాడు.

బజార్లో మూతపడిన ఒక బంగారం కొట్టు ముందు అద్దాలు పీకేస్తుంటే అవి కొన్నాడు. మందపాటి గాజు, రాయి తగిలినా పగలదు. ముందుగదిలో నేల తవ్వి సిమెంటు దిమ్మె పోశాడు. దాని మీద ఇనుప బల్ల వెల్డింగ్ చేయించాడు. తొట్టి పట్టేంత పొడుగు గోడ ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, ఆ గోడకే బుద్ధుడి పీఠం ఉంది. ప్రయూన్ స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, పీఠాన్ని వెనకగదిలోకి మార్చాడు.

"వెనకగదిలోకా?" అంది లమున్. "మనం పడుకునే గదిలోకా?"

"తూర్పు ముఖంగానే పెట్టానుగా."

"చేపలకి ముందుగది, బుద్ధుడికి వెనకగది. బాగుంది యూన్."

మొదటిసారి నీళ్ళు నింపినప్పుడు మూల అతుకు కారి, లమున్ కుట్టుమిషను కింద మడిచిపెట్టుకున్న బట్టలన్నీ తడిశాయి. అతుకంతా గీకేసి మళ్ళీ జిగురు పట్టించాడు. తొట్టి కింద ప్లాస్టిక్ పీపా పెట్టి, పెంకులు పగలగొట్టి ముక్కలు నింపి, నీరు వాటిలోంచి వడకట్టుకుని పైకి వెళ్ళేలా మోటారు బిగించాడు. కుళాయి నీళ్ళు ఒక్క చుక్క పోయలేదు, అంతా పెరట్లో జాడీల్లో పట్టిన వాననీళ్ళే. రాళ్ళు వాగువే. ఆకులు వీధిచివర బాదంచెట్టువి. వెంటనే చేపల్ని వదల్లేదు. సంతలో ఏ నీళ్ళలోనైనా బతికే పరిగెలు కొన్ని కొని ముందు వాటిని వదిలి, రోజూ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు. ఒకరోజు ఒరతైని పిలిచాడు.

"చూడు."

ఒరతై వాసన చూసింది. "మట్టి, ఆకులు. ఏముంది నాన్నా?"

"మీ నాయనమ్మ ఇదే వెతుక్కునేది" అన్నాడు.

ఆ సాయంత్రమే మడుగులో ఉన్న గుంపుని తెచ్చి తొట్టిలో వదిలాడు. కొన్ని రోజులు పోయాక మళ్ళీ వెళ్ళి చూస్తే అక్కడ పగుళ్ళు వేసిన బురద, దాని మీద మోటారు పైపు ఈడ్చిన గుర్తు ఉన్నాయి. ఇక ఆ వాగు తాలూకు ప్రాణం ఎక్కడైనా ఉందంటే, తన ముందుగదిలోనే ఉంది. ఆ సంగతి తెలిసిన మనిషి అతనొక్కడే.

ఏప్రిల్ ఎండలకి నీళ్ళు వేడెక్కితే ఫ్యాక్టరీ పాతస్నేహితులు మంచుముక్కలు పంపేవాళ్ళు. వాటిని సంచుల్లో కట్టి తొట్టిలో తేలేసేవాడు. "మనకి ఫ్యాను, వీటికి ఏసీ" అనేది లమున్. అన్నా, అతను ఇంట్లో లేనప్పుడు చేపల్ని చూసుకునేది ఆమే. అతను చెప్పినవన్నీ ఆమెకి నోటికి వచ్చు. సబ్బు చేతులు నీళ్ళలో పెట్టకూడదు. చేపని చేత్తో పట్టుకోకూడదు, ఒంటి జిగురు పోతుంది. గిన్నెతో నీళ్ళతో సహా ఎత్తాలి. పైన తడిగుడ్డ కప్పాలి, ఎండకి బెదురుతాయి. కొత్త నీళ్ళలో ఒక్కసారిగా వదలకూడదు, కొంచెం కొంచెంగా కలపాలి.

ఆమెకి చెప్పనిది ఒకటే. అవి ఎందుకో చెప్పలేదు. ఎప్పుడైనా ఆమె విసుక్కుంటే, "వానలు బాగా పడి పాయ నిండనీ, ఒకరోజు వీటిని వదిలేస్తాలే" అనేవాడు. ఆమె నమ్మేది కాదు.

మూడో ఏడాది వానల ముందు, వేరు కింద వెంట్రుకముక్కల్లాంటివి కదలడం చూశాడు ప్రయూన్. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పిల్లలు. తొట్టిలో రాజు ముళ్ళు పిల్లల్ని పెట్టడం ఎవరైనా చూశారని అతను ఎప్పుడూ వినలేదు. లమున్‌ని కేకేశాడు. ఆమె పిండి చేతులతో వచ్చి వంగి చూసి, "ఏదీ, ఎక్కడ?" అంది. ఆమెకి కనిపించలేదు.

"చాలా ఉన్నాయే!"

"ఉంటే మంచిదే పీ యూన్. గ్యాస్ మీద కూర ఉంది."

అంత చిన్న పిల్లలకి అంతకంటే చిన్న మేత కావాలి. ఐస్ ఫ్యాక్టరీ వెనక మురికికాలవలో నీటిపురుగులు దొరుకుతాయి. రోజూ పొద్దున్నే పలచటి గుడ్డవల తీసుకుని అందులో దిగేవాడు. కాలికి చిన్న పుండు ఉంది. దాని సంగతి అతను పట్టించుకోలేదు.

జ్వరం వచ్చింది. పిక్కలు పట్టేశాయి, కళ్ళు పచ్చబడ్డాయి, ఒంటేలు ఆగిపోయింది. ప్రాచీన్‌బురి పెద్దాసుపత్రిలో ఎలుక జ్వరమన్నారు. మురికినీళ్ళలోంచి వచ్చిందన్నారు. మూత్రపిండాలు పనిచేయడం లేదు, రెండు మూడు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు. లమున్ ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుంది.

సమ్నియాంగ్ అరటికాయలు పట్టుకుని చూడ్డానికి వచ్చింది.

"నీళ్ళలోంచి వచ్చిన జ్వరమన్నారా?" అని అడిగింది.

"అవునక్కా."

"మరింకేం చెల్లీ, నేను చెప్పాలా? ఇన్ని ప్రాణాల్ని గాజుపెట్టెలో బంధించి పెట్టాడు. బుద్ధుడి పీఠం తీసేసి మరీ పెట్టాడు. వాటి ఉసురు ఊరికే పోతుందా?"

ఆ పీఠం సంగతి లమున్ మనసులో ముల్లులా గుచ్చుకుని ఉంది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి ఇంటికి వచ్చింది.

పదిహేను రోజులకి ప్రయూన్ ఇంటికి వచ్చాడు. ఒరతై ఒక పక్క పట్టుకుంటే గుమ్మం ఎక్కాడు. తొట్టిలో నీళ్ళు పారుతున్నాయి. మోటారు చప్పుడు బాగానే ఉంది. ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. జబ్బు పడ్డ కళ్ళు కదా, కనిపించడం లేదనుకున్నాడు. కాసేపు నిలబడి చూడండని అందరికీ చెప్పిన మనిషి, తనూ అలాగే చూశాడు.

లమున్ గంజిగిన్నె పట్టుకుని అతని పక్కన నేల మీద కూర్చుంది. మొహంలో ఏదో శుభవార్త దాచుకున్న వెలుగు.

"నీకొక మాట చెప్పాలి పీ యూన్. కోప్పడకు. నీ చేపల్ని వదిలేశాను."

అతను తల తిప్పలేదు. "ఎక్కడ?"

"విహారం రేవులో. పెద్దస్వామి మంత్రం చదివాడు, నీ పేరు చెప్పాడు. ఒరతై, నేను, సమ్నియాంగక్క, ముగ్గురం వెళ్ళాం. అదే రోజు సాయంత్రం నీకు జ్వరం దిగిందయ్యా! నర్సే ఆశ్చర్యపోయింది. కావాలంటే ఒరతైని అడుగు."

ఒరతై తలుపు దగ్గర నిలబడి కాలి బొటనవేలితో నేల రాస్తోంది.

"రేవులోనా?" అన్నాడు ప్రయూన్.

"మరి? అక్కడే కదా అందరూ వదిలేది. విహారం ముందు ఎవరూ వల వెయ్యరు, గాలం వెయ్యరు. నదిలో అంతకంటే భద్రమైన చోటేముంది? నువ్వు చెప్పినట్టే చేశాను. చేత్తో ముట్టుకోలేదు. పెళ్ళికి మా అమ్మ పెట్టిన వెండిగిన్నెలో తొట్టినీళ్ళతోనే ఎత్తాను. తడిగుడ్డ కప్పాను. ఆటోలో దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకున్నాను. రేవులో నదినీళ్ళు కొంచెం కొంచెంగా కలిపాను. ఆ బుల్లి పిల్లల్ని కూడా, చెంచాతో, ఒక్కటి మిగలకుండా! అప్పుడు కనిపించాయి నాకు. ఎంత ముద్దుగా ఉన్నాయో."

ఆ రేవు ప్రయూన్‌కి తెలుసు. ఆ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఎవరూ పట్టని చోటు కాబట్టి అక్కడ పంగాస్ చేపలు మనిషి తొడంత లావున పెరిగి ఉంటాయి. నీళ్ళలో ఏది పడినా ఒకదాని మీద ఒకటి ఎక్కి, నోళ్ళు తెరిచి మింగుతాయి. జనం రొట్టెలు వేసి పుణ్యం కట్టుకుంటారు.

"వదలగానే ఏమైంది?" అని అడిగాడు.

"ఆ పెద్ద చేపలన్నీ ఎదురొచ్చాయి తెలుసా! రేవంతా అల్లకల్లోలం. వీటిని మధ్యలో పెట్టుకుని తీసుకెళ్ళిపోయాయి. సమ్నియాంగక్క ఏడ్చేసింది."

ప్రయూన్ ఆమె మొహం వైపు చూశాడు. వరండాలో చాప మీద పడుకుని చిక్కిపోయిన మొహం. చెంపల ఎముకలు బయటికి వచ్చాయి. ఆ నోటితోనే అంతా చెప్పింది, అయినా ఆమెకేమీ తెలియదు. కావాలని చేసిందేమో అన్న అనుమానం ఒక్క క్షణం కలిగింది. కుట్టుబట్టలు తడిసినందుకు, పీఠం జరిపినందుకు. ఆ అనుమానమే నిజమైతే బాగుండుననిపించింది. అప్పుడు తిట్టొచ్చు.

"నువ్వే అనేవాడివిగా, ఒకరోజు వదిలేస్తానని" అంది లమున్, ఈసారి కొంచెం భయంగా.

"అన్నాను."

"మరి గంజి తాగు."

తాగాడు.

చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ అదే మాట. చేపలే నీ ప్రాణం నిలబెట్టాయన్నారు. సమ్నియాంగ్ అయితే కాల్చిన అరటికాయ కొనుక్కునే ప్రతివాడికీ ఆ కథ చెప్పింది. ఎవరైనా చెబుతుంటే ప్రయూన్ చేతులు జోడించి వినేవాడు. చివర్న పుణ్యం మెచ్చుకుంటూ వాళ్ళు సాధు అంటే తనూ సాధు అనేవాడు. ఇంట్లో భోజనానికి చేప పెడితే పక్కకి నెట్టేవాడు. "మొక్కుకున్నావా?" అని లమున్ అడిగితే ఔననేవాడు.

తొట్టి తీసేద్దామంటే వద్దన్నాడు. రోజూ మోటారు చూసేవాడు, వాననీళ్ళు పోసేవాడు. అలా పోస్తుంటే ఒకరోజు వేరు వెనక, గాజుకి ఆనుకుని కదిలింది. ఒకటే. వెండిగిన్నెకి దొరక్కుండా మిగిలిపోయిన ఒక్కటి.

ఎవరికీ చెప్పలేదు. దొంగలా లమున్ స్నానానికి వెళ్ళే వేళ చూసుకుని మేత వేశాడు. అది తినలేదు. రాజు ముళ్ళు గుంపులో ఉంటేనే తింటాయి, ఒంటరిగా ఉంటే నీడలో ఒకచోట నిలిచిపోతాయి. వెనకవైపు గాజుకి అద్దం పెట్టి చూశాడు. తన నీడ చూసుకుని రెండు రోజులు కొంచెం కదిలింది, ఏదో నోట్లో పెట్టుకుంది. మూడో రోజు అద్దాన్ని కూడా పట్టించుకోవడం మానేసింది.

ఆ అద్దం వెతుక్కుంటూ వచ్చి లమున్ దాన్ని చూసింది.

"ఒకటి మిగిలిపోయింది!" అంది. "ఒకటి మిగిలిపోయిందయ్యా. అన్నీ వదులుతానని మొక్కాను. ఒక్కటి మిగలకుండా అని చెప్పాను."

"ఉండనీ దాన్ని."

"ఎలా ఉండనిస్తాను? మళ్ళీ జ్వరం తిరగబెడితే? యూన్, నువ్వు ఆసుపత్రిలో మంచం మీద ఉన్నావు. నిన్ను నువ్వు చూసుకోలేదు. నేను చూశాను." భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అలా ఏడవడం అతను ఎప్పుడూ చూడలేదు.

చెప్పాలంటే అదే సమయం. ఆ పెద్ద చేపలు ఎదురొచ్చింది ఎందుకో ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. చెబితే ఏమవుతుంది? చేపలు రావు. ఆమెకి ఆ వెండిగిన్నె, చెంచా, ఒళ్ళో పెట్టుకున్న దారి అన్నీ జీవితాంతం గుర్తుంటాయి. తను బతికి ఉన్నాడన్న ఒక్క సంతోషమూ పోతుంది.

"సరే. బుధవారం వెళ్దాం" అన్నాడు.

అతను పుట్టింది బుధవారం, పుట్టినవారం నాడు చేసిన పుణ్యం నిలుస్తుందంటారు. లమున్ పొద్దున్నే రేవులో వేయడానికి తామరపూలు కోయించి తెచ్చింది. ప్రయూన్ వెండిగిన్నె పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళాడు. వేరు కింద తెల్లగా కనిపించింది. అంత స్పష్టంగా ఆ చేప ఎప్పుడూ కనిపించలేదు. ఒళ్ళంతా ఉడికిన అన్నం మెతుకులా తెల్లబడింది, ఒక్క ముల్లూ కనిపించడం లేదు. రాజు ముల్లు చచ్చాకే మామూలు చేపలా ఉంటుంది.

చేత్తో పట్టుకోకుండా గిన్నెతో నీళ్ళతో సహా ఎత్తాడు. పైన తడిగుడ్డ కప్పాడు.

"బానే ఉందా?" అంది లమున్ వాకిట్లోంచి.

"ఆ."

"నేనొకసారి చూస్తాను."

"ఎండకి బెదురుతుంది. గుడ్డ తీయకు."

"ఔను, నిజమే" అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

రేవులో పెద్దస్వామి మంత్రం చదివి వెళ్ళిపోయాడు. ప్రయూన్ మెట్టు దిగి, గుడ్డ ఒక అంచు లేపి, గిన్నెని నీళ్ళలోకి ముంచాడు. నల్లటి వీపులు లేచాయి. ఒకదాని మీద ఒకటి, నోళ్ళు, మీసాలు, ఆ తెల్లటి ముక్క ఏ నోట్లోకి పోయిందో కూడా తెలియలేదు. నీళ్ళు అతని చొక్కా మీద చిందాయి.

"చూశావా?" అంది లమున్, పైమెట్టు మీద చేతులు జోడించుకుని. "చూశావా ఎలా ఎదురొచ్చి తీసుకెళ్ళాయో?"

"చూశాను."

"సాధు."

"సాధు" అన్నాడు ప్రయూన్.

రేవు పక్కన రొట్టెలమ్మే అమ్మాయి గంప ముందుకి జరిపింది. "తీసుకోండి అవ్వా, ఇవాళ పాపం వీటికి ఎవరూ ఏమీ వెయ్యలేదు." లమున్ ఒక పొట్లం కొని అతని చేతిలో పెట్టింది. అతని వేళ్ళు పట్టుకుని చూసి, "చల్లగా ఉన్నాయి, అచ్చం ఫ్యాక్టరీ రోజుల్లోలాగే" అని నవ్వింది. ప్రయూన్ మెట్టు మీద కూర్చుని, పొట్లం విప్పి, రొట్టె తుంచి నీళ్ళలో వేయడం మొదలుపెట్టాడు.